ప్రవర్తన సంతృప్తికరంగా లేదు

మా చిన్నమ్మ దగ్గర ఒక ఆకుపచ్చ రేకు పెట్టె ఉంది. నర్సింగు హాస్టలుకు పోయేటప్పుడు మా తాత తిరుపతిలో కొనిచ్చిన పెట్టె. ఇప్పుడు చంద్రగిరిలో వాళ్ళింట్లో మంచం కింద ఉంటుంది. అందులో పాత పట్టుచీర ఒకటి, సర్టిఫికెట్లు, తెల్ల కాన్వాస్ బూట్ల జత, వాటి కింద ప్లాస్టిక్ కవర్లో మూడు కాగితాలు. ఆ మూడు కాగితాల సంగతి నాకు రెండేళ్ల కిందటిదాకా తెలియదు. తెలుగు స్త్రీల ఆత్మకథల మీద ఆరేళ్లు పనిచేసి డాక్టరేట్ తెచ్చుకున్నాను. ఎవరెవరి ఇళ్లకో పోయి డైరీలు, ఉత్తరాలు అడిగి తీసుకున్నాను. ప్రతి సంక్రాంతికీ పోయి పడుకునే మంచం కింద ఉన్న పెట్టెను మాత్రం తెరవమని అడగలేదు.

మొదటి కాగితం 1978 నాటి మెమో. ఇంగ్లీషులో, టైపు మిషను మీద కొట్టింది, నాలుగే వాక్యాలు. జనరల్ నర్సింగు రెండో సంవత్సరం విద్యార్థిని అయిన మీ ప్రవర్తన సంతృప్తికరంగా లేదని, నైట్ డ్యూటీలో వేళగాని వేళ ఒక పురుషుడితో మాట్లాడుతూ కనిపించారని, మీపై ఎందుకు చర్య తీసుకోకూడదో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమని. రెండోది చిన్నమ్మ రాసిన సంజాయిషీకి ఆమే ఎత్తి రాసుకున్న ప్రతి, మూడు పేజీలు, తెలుగులో. మూడోది ఆర్డరు. సంజాయిషీ తృప్తికరంగా లేదు కాబట్టి ఆరు నెలలు వెనక బ్యాచ్‌లో కలుపుతున్నామని. ఆ ఆస్పత్రి పేరు రాయడం నాకిష్టం లేదు. ఆ రోజుల్లో అట్లాంటి మెమో ఏ ఆస్పత్రిలోనైనా టైపు అయ్యేదే.

నాకు మొదట కనిపించింది ఆ ఒక్క మాట, ప్రవర్తన. ఫలానా పని చేశారు అని కాదు, మీ ప్రవర్తన అని. సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో చూడటం అలవాటు. ఈ మాట చాలా దూరం నుంచి వచ్చింది.

1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆస్పత్రిలో ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరిట, క్రిమియా యుద్ధ కాలంలో ఆమె గౌరవార్థం ప్రజలు వేసుకున్న చందాలతో నర్సుల శిక్షణాలయం మొదలయింది. అక్కడ చేరిన ప్రతి అమ్మాయికీ నెలనెలా ఒక నివేదిక నింపేవాళ్లు. దాని పేరులోనే ముందు వ్యక్తిగత శీలం, ఆ తర్వాత నేర్చుకున్న విద్య. కాగితం మీద రెండు భాగాలు. ఒక వైపు నైతిక రికార్డు, అంటే వేళకు రావడం, నెమ్మదితనం, నమ్మకస్తురాలా కాదా, ఒంటి శుభ్రత, వార్డును తీర్చిపెట్టుకోవడం. ఇంకో వైపు పని, అంటే పుండ్లకు కట్లు కట్టడం, జలగలు పట్టించడం, ఎనిమా, రోగికి పథ్యం వండటం వగైరా. రెండిటికీ మార్కులున్నట్టే. చాలా బాగుంది, బాగుంది, పరవాలేదు, లోపం ఉంది, సున్నా.

ఎందుకిట్లా చేసిందంటే దానికొక కారణం ఉంది, ఆ కారణాన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యలేం. అంతకుముందు ఇంగ్లండులో నర్సు అంటే జనం మనసులో ఉన్న బొమ్మ, డికెన్స్ 1843, 44ల్లో అచ్చువేసిన ‘మార్టిన్ చజిల్విట్’ నవలలోని సారా గ్యాంప్. తాగి తూలుతూ, రోగి దిండు లాక్కుని తాను తల కింద పెట్టుకునే ముసలామె. ఆ బొమ్మను చెరిపి మర్యాదస్తుల ఇళ్ల పిల్లల్ని ఆస్పత్రికి పంపించేట్టు చెయ్యాలంటే, ఆ పిల్లల శీలానికి ఆస్పత్రే పూచీ పడాలి. అందుకే హాస్టలు, అందుకే మేట్రన్, అందుకే ఆ నెలవారీ కాగితం. తర్వాతి కాలంలో నర్సులకు రిజిస్ట్రేషన్ కావాలని ఎథెల్ బెడ్‌ఫర్డ్ ఫెన్విక్ వంటివాళ్లు పోరాడినప్పుడు నైటింగేల్ అడ్డుపడింది. పరీక్ష పెట్టి విద్యను కొలవచ్చుగానీ శీలాన్ని కొలవలేమని ఆమె వాదన. ఇంగ్లండులో ఆ చట్టం ఆమె పోయాక, 1919లో గానీ రాలేదు. ఒక వృత్తిని ఆడవాళ్లకు గౌరవంగా తెరిచిన మనిషే, ఆ వృత్తి తలుపు దగ్గర శీలపరీక్షను కూర్చోబెట్టింది. రెండూ ఆమె పనులే. ఒకటి తీసుకుని ఒకటి వదిలేస్తే చరిత్ర కాదు.

ఆ కాగితం ఓడెక్కి మన దగ్గరికి వచ్చేసరికి కొత్త బరువులు వేసుకుంది. మద్రాసు జనరల్ ఆస్పత్రిలో 1870ల నుంచే నర్సుల శిక్షణ ఉంది. మాకు దగ్గరి వేలూరులో ఐడా స్కడర్ 1909లో నర్సుల బడి పెట్టింది. 1946లో అది డిగ్రీ కళాశాల అయింది, దేశంలో మొదటి రెండిటిలో ఒకటి. ఇటు మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ శానిటోరియం 1910ల్లో మొదలయింది. అయితే మన కులాల దేశంలో పరాయివాడి రక్తం, చీము, మలం ముట్టుకునే పనికి ఏ ఇంటి పిల్లను పంపుతారు? చాలాకాలం ఆంగ్లో ఇండియన్లు, క్రైస్తవులు, వాళ్లలో ఎక్కువమంది దళితుల పిల్లలు, దిక్కులేని వితంతువులు, వీళ్లే వచ్చారు. అక్కడి అనుమానం తాగుడు మీద. ఇక్కడి అనుమానం ముట్టుకోవడం మీద. పరాయి మగవాడి ఒంటి మీద చెయ్యివేసిన ఆడదాని ప్రవర్తన ఎట్లా సంతృప్తికరంగా ఉంటుంది? 1946లో భోర్ కమిటీ లెక్క చెప్పింది, దేశం మొత్తానికి ఏడువేల మంది నర్సులు, అంటే 43 వేల మందికి ఒకరు. అంత కరువులో కూడా ఉన్నవాళ్లను అనుమానించడానికి మాత్రం మనుషులు దొరికారు.

చట్టం ఏమంటుందో చూద్దామని వెతికాను. 1926లో మద్రాసు నర్సులు, మంత్రసానుల చట్టం వచ్చింది. రిజిస్టరు, కౌన్సిలు, పేరు కొట్టెయ్యడానికి పద్ధతి, అన్నీ అందులో ఉన్నాయి. రాష్ట్రం విడిపోయాక ఆంధ్ర ప్రాంతానికి అదే కొనసాగింది. 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చి చదువుకు ఒకే ప్రమాణం పెట్టింది. కానీ చిన్నమ్మ అప్పటికింకా రిజిస్టరులోకి ఎక్కలేదు, పాసయితే గదా ఎక్కేది. ప్రభుత్వోద్యోగిని తీసెయ్యాలంటే ఆరోపణ చెప్పి, వాదన వినాలని రాజ్యాంగం 311వ అధికరణం అంటుంది. చిన్నమ్మ ఉద్యోగీ కాదు. స్టైపెండు తీసుకునే విద్యార్థిని. నలభై మంచాల వార్డును రాత్రంతా ఒక్కతే చూసుకునేంత నర్సు, ఒక మాట అడిగించుకునే హక్కు లేనంత విద్యార్థిని.

పూర్తిగా లేదనలేం కూడా. పరీక్షలో కాపీ కొట్టారని ముగ్గురు పిల్లల ఫలితాన్ని రద్దుచేసిన ఉత్తరప్రదేశ్ బోర్డు కేసులో, చెప్పకుండా, వినకుండా శిక్ష వెయ్యడం కుదరదని సుప్రీంకోర్టు 1962లోనే తీర్పిచ్చింది. ఘన్‌శ్యామ్‌దాస్ గుప్తా కేసు. ఆ తీర్పుకు పదహారేళ్ల తర్వాత వచ్చింది చిన్నమ్మ మెమో. ఢిల్లీలో చెప్పిన మాట మా జిల్లా ఆస్పత్రుల మేట్రన్ గదిదాకా రావడానికి పదహారేళ్లు చాలలేదన్నమాట.

ఇంతవరకూ చదివి వ్యాసం రాసుకొచ్చాను. చంద్రగిరికి పోయి చిన్నమ్మకు వినిపించాను. ఆమె పప్పులో రాళ్లేరుతూ అంతా విని, “బాగుంది మే. కానీ నేను చేసింది యాడ రాసినావు?” అంది.

నువ్వేం చేశావు చిన్నమ్మా అన్నాను. నా అంచనా ప్రకారం ఆమె ఏమీ చెయ్యలేదు. మాట్లాడింది, అంతే.

సంజాయిషీ పూర్తిగా చదివావా అని అడిగింది. చదివాను. అయితే మొదటి పేజీయే శ్రద్ధగా చదివాను, వరండాలో హౌస్‌సర్జన్‌తో పావుగంట మాట్లాడిన సంగతి. రెండో పేజీ నుంచి ఒక పేషెంటు వివరాలేవో ఉంటే, అవి వార్డు గొడవలు అనుకుని దాటేశాను. ఇది ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. మేట్రన్ గదిలో కూర్చున్నవాళ్లు దాటేసిన చోటే నేనూ దాటేశాను.

ఆ రాత్రి జరిగింది ఇది. పెనిసిలిన్ ఆరుగంటలకొకసారి వెయ్యాల్సిన పేషెంటు, న్యుమోనియాతో ఉన్న ఒక రైతు భార్య. రాత్రి రెండింటి డోసు. అదే వేళకు చివరి మంచంలో ఇంకో ముసలావిడకు ఆయాసం ఎక్కువయింది. స్టాఫ్ నర్సు పక్క వార్డులో ఉంది. చిన్నమ్మ పరిగెత్తి హౌస్‌సర్జన్‌ను పిలుచుకొచ్చింది, ఆక్సిజన్ సిలిండర్ దొర్లించుకొచ్చింది. ముసలావిడ నిలబడింది. అంతా అయ్యాక వరండాలో ఆయన, ఈమె నిలబడి మాట్లాడుకున్నారు. అంత భయం తర్వాత ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తుంది గదా అంటుంది చిన్నమ్మ. తిరిగి వచ్చేసరికి మూడున్నర. రెండింటి ఇంజెక్షన్ వెయ్యలేదని గుర్తొచ్చింది. వేస్తే తర్వాతి డోసు వేళ తప్పుతుంది, లేటు ఎందుకయిందని సిస్టరు అడుగుతుంది. వెయ్యలేదు. చార్టులో రెండు గంటల గడిలో వేసినట్టు పొడిఅక్షరాలు పెట్టింది. వయల్‌ను డ్రాయర్‌లో వెనక్కి తోసింది.

“నాకు మెమో వచ్చిందంటే దానికే అనుకున్యా. వయల్ లెక్క తప్పి కనిపెట్టినారు అనుకున్యా. చేతులు వణికినాయి. చూస్తే దాంట్లో ఇంజెక్షన్ మాటే లేదు.”

అయినా సంజాయిషీలో రాసింది. పందొమ్మిదేళ్ల పిల్ల, అడగని తప్పును తానే రెండు పేజీలు రాసి సంతకం పెట్టింది. మంచం నంబరు, టైము, వయల్ ఎక్కడ పెట్టిందో, అంతా. వరండా సంగతి ఒక పేజీలో ముగించి, ఇది మాత్రం నా తప్పు అని రాసింది.

విచారణ ముగ్గురు చేశారు. ఇద్దరు కూర్చున్న మగవాళ్లు, ఒక కూర్చున్న ఆడమనిషి, నిలబడిన చిన్నమ్మ. పోస్టుకార్డు రాసి పిలిపిస్తే పోయిన మా తాత, తలుపు దగ్గర తువ్వాలు చేతిలో పట్టుకుని. నీకు ఉత్తరాలు ఎవరు రాస్తారు? ఆదివారం నిన్ను చూడటానికి వచ్చినతను ఏమవుతాడు? డ్యూటీలో పూలు ఎందుకు పెట్టుకున్నావు? ఆయనతో ముందునుంచీ పరిచయమా? తండ్రి ఎదురుగా. ఇరవై నిమిషాలు. ఇంజెక్షన్ గురించి ఒక్క ప్రశ్న లేదు. ఆమె చెప్పబోతే ఆ విషయం ఇప్పుడు కాదు అన్నారు. హౌస్‌సర్జన్‌కు మెమో రాలేదు. ఆయన ఆ తర్వాత పీజీ చేసి మంచి డాక్టరయ్యాడనీ, మంచివాడేననీ చిన్నమ్మే చెప్పింది.

మా తాత రైల్లో కిటికీ పక్కన కూర్చుని చంద్రగిరి స్టేషను వచ్చేదాకా నోరు విప్పలేదట. దిగాక, “పెట్టె ఇంటికి తెచ్చుకుందామా, ఆడనే ఉంచుదామా” అని మాత్రం అడిగాడట. ఆడనే ఉంచుదాం నాయనా అంది ఈమె. ఆ ఒక్క జవాబు మీద ముప్పై ఏళ్ల ఉద్యోగం నిలబడింది.

మా వైపు ఆడవాళ్ల విచారణ అనగానే అందరూ తరిగొండ వెంగమాంబ కథ ఎత్తుకుంటారు. వాయల్పాడు దగ్గరి తరిగొండలో పుట్టి, చిన్నప్పుడే భర్త పోయి, తల గొరిగించుకోనందుకు, బొట్టు తియ్యనందుకు ఊరివాళ్లు పుష్పగిరి పీఠాధిపతి ముందు నిలబెట్టారని, స్వామి దిగితే పీఠానికే దండం పెడతానని ఆమె పెడితే ఆ పీఠం భగ్గుమందని చెప్పుకుంటారు. ఆమె తిరుమలకు చేరి అన్ని కావ్యాలు రాసిందన్నది చరిత్ర, పీఠం మండటం జనం చెప్పుకునే కథ. ఆ కథలోనూ ఆమె చేసిన పని మీద విచారణ లేదు, ఆమె ఉన్న తీరు మీద ఉంది. నేనీ పోలిక ఉత్సాహంగా చెబితే చిన్నమ్మ నవ్వేసింది. “ఆ తల్లి తప్పు చేయలా. నేను చేసినా. నాకూ పీఠానికీ సంబంధం లేదులే.”

నిజమే. నాకు చేతికి అందిన కథల్లో స్త్రీ నిర్దోషి. నింద మోసి, ఎదిరించి, గెలుస్తుంది, లేదా ఓడి మనకు కన్నీళ్లు మిగులుస్తుంది. స్త్రీవాద విమర్శ చదువుకుంటూ నేను పోగేసుకున్న ఉదాహరణలన్నీ దాదాపు అవే. నిజంగా తప్పు చేసిన ఆడమనిషికి, చెయ్యని తప్పుకు శిక్ష పడితే ఆ కథను ఏ అరలో పెట్టాలి? శీలాన్ని విచారించే పద్ధతి ఆడపిల్లకు అన్యాయం చేస్తుందని నేను వ్యాసంలో రాసుకున్నాను. అది సగమే. ఆ పద్ధతి ఆ రైతు భార్యకు కూడా అన్యాయం చేసింది. ఆమెకు ఆ రాత్రి ఒక డోసు పడలేదన్న సంగతి చిన్నమ్మ మనసులోనూ, ఎవరూ చదవని రెండు పేజీల్లోనూ తప్ప ఎక్కడా రికార్డు కాలేదు. ఒక్క విద్యార్థిని మీద రెండు వార్డుల బరువు ఎందుకు పడిందన్న ప్రశ్న ఆ గదిలో పుట్టనే లేదు. పూల మీద ప్రశ్న పుట్టింది. పూల మీద ప్రశ్నకు ఆస్పత్రికి ఖర్చు లేదు. ఇంకో నర్సును వెయ్యాలంటే ఖర్చు.

ఆ పేషెంటు బతికి ఇంటికి పోయింది. పోకుండా ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ కొన్ని రాత్రులు లెక్క వేస్తానంటుంది చిన్నమ్మ. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, తాలూకా ఆస్పత్రిలో పనిచేసిన అన్నేళ్లూ సూది గుచ్చి, తీసి, ఆ తర్వాతే చార్టులో రాసేదట. తనకింద పనిచేసే పిల్లలు లేటుగా వేశామని చెబితే తిట్టేది కాదట. లేటు అని రాయి, టైము రాయి అనేదట.

ఇక్కడ ఇంకో కేసు చెప్పాలి, నన్ను చాలా రోజులు ఇబ్బంది పెట్టింది కాబట్టి. 1972 జూన్‌లో ఒక రాత్రి రాంచీలోని రాజేంద్ర వైద్య కళాశాలలో కొందరు మగ విద్యార్థులు గోడ దూకి ఆడపిల్లల హాస్టల్లోకి వచ్చారు. నగ్నంగా తిరిగారు, అసభ్యంగా ప్రవర్తించారు. 36 మంది అమ్మాయిలు ప్రిన్సిపాల్‌కు ఫిర్యాదు చేశారు. ముగ్గురు అధ్యాపకుల కమిటీ అమ్మాయిల మాటలను అబ్బాయిలు లేనప్పుడు విడిగా విన్నది. నిందితుల ఫొటోలను ఇంకో ఇరవై ఫొటోలతో కలిపి గుర్తుపట్టమంది. తర్వాత అబ్బాయిలను పిలిచి ఆరోపణ ఇదీ అని చెప్పి జవాబు తీసుకుంది. నలుగురిని రెండేళ్లు బయటికి పంపారు. మా ఎదురుగా సాక్ష్యం చెప్పించలేదు, ఎదురు ప్రశ్నలు వేయనివ్వలేదు అని వాళ్లు సుప్రీంకోర్టుకు పోయారు. 1973లో హీరానాథ్ మిశ్రా కేసులో కోర్టు ఒప్పుకోలేదు. సహజ న్యాయం అన్నిచోట్లా ఒకే అచ్చులో ఉండదని, పేర్లు బయటపడితే ఆ అమ్మాయిలకు రక్షణ ఉండదని చెప్పింది.

నాకు సంతోషం కలిగించిన తీర్పు ఇది. తర్వాత భయం కూడా వేసింది. పూర్తి విచారణ అక్కర్లేదన్న ఈ మాటనే పట్టుకుని రేపు ఏ కళాశాలైనా ఒక అమ్మాయిని, చూసినవాళ్లు చెప్పారు, ఎవరో చెప్పం, అని పంపించెయ్యవచ్చు గదా? 2013లో పనిచోట లైంగిక వేధింపుల చట్టం వచ్చింది. ఆస్పత్రులూ నర్సింగు హోములూ పనిచోట్లేనని అందులో స్పష్టంగా రాశారు. ఫిర్యాదు చేసినామె పేరు దాచాలన్న నియమమూ ఉంది. ఇవి కావాలని అడిగింది మనమే. నిందపడిన నర్సింగు విద్యార్థినికి ఆరోపణ కాగితం, వాదన, సాక్షుల వివరం కావాలని అడగాల్సిందీ మనమే. రెండూ కలిసే చోటు ఉందా అని రాంచీ కేసును మళ్లీ చదివాను. అక్కడ రాత్రి ఏది, చోటు ఏది, ఏం చేశారు, ఎవరు చేశారు అన్నవి గట్టిగా పట్టుకున్నారు. ఊరికే చూపించి వీళ్లేనా అనలేదు, ఇరవై మందిలో కలిపి అడిగారు. ఆ అబ్బాయిలు ఎట్లాంటివాళ్లు అన్నది ప్రశ్న కాలేదు. చిన్నమ్మ విషయంలో అదొక్కటే ప్రశ్న. సాక్షి పేరు దాచడం ఒకటి, నేరం పేరే చెప్పకపోవడం ఒకటి. ఈ తేడా నాకు తీర్పు చదివితే తెలియలేదు, మంచం కింది పెట్టె తెరిచాక తెలిసింది.

మొన్న దసరా సెలవుల్లో మా ఎదురింటివాళ్ల అమ్మాయి చిన్నమ్మ దగ్గరికి వచ్చింది. బీయస్సీ నర్సింగు రెండో సంవత్సరం. వార్డులో స్నేహితురాళ్లతో ఫోనులో వీడియో తీసుకుంది. వెనక మంచం మీద ఒక పేషెంటు కనిపించిందట. కళాశాల నోటీసు ఇచ్చింది. ఇప్పుడు కంప్యూటర్ మీద కొట్టిన నోటీసు, కింద సీలు, ఐదు రోజుల గడువు. మిగతాది చదువుతుంటే నాకు నవ్వు రాలేదు. మీ ప్రవర్తన సంతృప్తికరంగా లేదు. వీడియో మాట రెండో వాక్యంలో ఉంది, వీడియోలో డాన్సు చేసిన సంగతి మూడో వాక్యంలో. పేషెంటు మాట లేదు.

అమ్మాయి ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయి ఉంది. ఇంట్లో ఇంకా చెప్పలేదు. “అక్కా, మా ఫ్రెండ్స్ అందరూ సారీ లెటర్ రాసేయమంటాండారు. మంచి కుటుంబం నుంచి వచ్చినాను, ఇంకోసారి చేయను, అని” అంది నాతో.

నేను సహజ న్యాయం గురించి ఏదో చెప్పబోయాను. చిన్నమ్మ నన్ను చేత్తో ఆపి, ఆ పిల్లకు నా ల్యాప్‌టాప్ బ్యాగ్‌లోంచి తెల్లకాగితాలు ఇప్పించింది. కళ్లద్దాలు పెట్టుకుంది.

“మీ కుటుంబం వద్దు. డాన్సు వద్దు. ఆ పేషెంటు మొగం కనిపించిందా, లేదా?”

“కనిపించింది అవ్వా. కొంచెం.”

“కొంచెమంటే?”

“సగం.”

“ఆమెను అడిగి తీసినావా?”

అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

“రాయి. తేదీ ముందు రాయి. టైము. వార్డు నంబరు. మంచం నంబరు. తీసేసినావా వీడియో? ఎప్పుడు తీసేసినావు, అది గూడా రాయి. ఆమె ఇంకా ఆస్పత్రిలో ఉండాదా, పోయిందా?”

ఉంది అంది ఆ పిల్ల, పెన్ను పట్టుకుని. ఇరవై మూడో మంచం.